పేరు బి తీగది, బాధ జి తీగది

ఐదు తీగల బేస్ గిటార్ కొనడానికి దుకాణానికి వెళ్ళినవాడు మొదట చేసే పని ఒకటే. గిటారు ఒళ్ళోకి తీసుకుని, అన్నిటికంటే లావుగా ఉండే బి తీగను ఒక్కసారి మీటి, చెవి రిక్కించి వింటాడు. గుడిగంటలా మోగితే సరుకు మంచిది. బట్టలారేసే తాడులా దడదడలాడితే పెదవి విరుస్తాడు. ఆ తర్వాత చూపు హెడ్‌స్టాక్ మీదికి పోతుంది. తల పొడుగ్గా ఉంటే బి తీగ బిగువుగా ఉంటుందని దుకాణదారు చెబుతాడు, వెంట వచ్చిన మిత్రుడు తలూపుతాడు. నేనూ చాలాకాలం తలూపినవాణ్ణే.

ఈ తతంగంలో ఎవరి కంటా పడనిది ఆ తల మీదే ఒకటుంటుంది. రూపాయి నాణెం కంటే చిన్న లోహపు బిళ్ళ, మధ్యలో ఒక మర. దాని అంచుల కింద నుంచి రెండు తీగలు నక్కి పోతుంటాయి. స్ట్రింగ్ ట్రీ అనేవాళ్ళున్నారు, రిటైనర్ అనేవాళ్ళున్నారు. ఐదు తీగల బేస్‌కి తల ఎలా పెట్టాలన్న ప్రశ్నకు తయారీదార్లు చెప్పిన రకరకాల జవాబులన్నీ చివరికి ఆ బిళ్ళ ఉండాలా, వద్దా, ఉంటే ఎక్కడ అన్నదాని చుట్టూనే తిరుగుతాయి. అందరి కళ్ళూ బి మీద ఉన్నా, తల పెట్టే బాధలు ఎక్కువగా పడేది రెండో చివరన ఉన్న సన్న తీగలే.

తీగలో మోగేది బ్రిడ్జి మీది సాడిల్ నుంచి, తల మొదట్లో తీగలు గాళ్ళలో ఆనే నట్ అనే పట్టీ దాకా ఉన్న ముక్క మాత్రమే. నట్ దాటాక తీగ కిందికి వంగి శృతి చేసే కీ పోస్టుకు చుట్టుకుంటుంది. ఆ వంపు ఎంత ఉంటే తీగ నట్ గాడిలో అంత గట్టిగా కూర్చుంటుంది. 16 కిలోల బిగువున్న తీగ నట్ మీద 4 డిగ్రీలు మాత్రమే వంగితే అది నట్‌ను కిందికి నొక్కే బలం ఒక కిలో చిల్లర. అదే తీగ 13 డిగ్రీలు వంగితే మూడున్నర కిలోలు దాటుతుంది. నొక్కుడు చాలకపోతే తీగ గాడిలో కుదురుగా ఉండదు, అంచుకు ఒరుసుకుంటూ జుమ్మంటుంది. తంబూరలో గుర్రానికీ తీగకూ మధ్య దారప్పోగు దూర్చి మనవాళ్ళు కోరి తెప్పించుకునే నాదం దీనికి దగ్గరి చుట్టమే. తంబూరకు ప్రాణం పోసే ఆ జుంకారం బేస్ గిటార్లో వినబడితే మాత్రం రికార్డింగ్ ఇంజనీరు మొహం చిట్లిస్తాడు.

ఈ వంపు తెప్పించడానికి పాత పద్ధతి తలనే వెనక్కి వాల్చడం. వీణకూ, వయొలిన్‌కూ, గిబ్సన్ గిటార్లకూ ఏదో ఒక రూపంలో ఆ వాలు ఉంది. గిబ్సన్ వాలు 17 డిగ్రీలని ప్రసిద్ధి. ఈ ఆనవాయితీని పక్కన పెట్టినవాడు లియో ఫెండర్. కాలిఫోర్నియాలో ఫుల్లర్టన్ అనే ఊళ్ళో రేడియోలు బాగుచేసుకుంటూ బతికిన మనిషి, గిటార్ వాయించడం రానివాడు. చెక్కను సంగీతకారుడి కళ్ళతో చూసే అలవాటు లేకపోవడమే ఆయనకు కలిసొచ్చిందని నా అనుమానం. 1951లో ప్రెసిషన్ బేస్ తెచ్చినప్పుడు నెక్‌నూ తలనూ ఒకే మేపుల్ పలక నుంచి, ఒకే చదునులో కోశాడు. తల పై ముఖాన్ని కాస్త చెక్కేసి వేళ్ళపలక కంటే కిందికి దించాడు, అంతే. కీలన్నీ ఒకే వైపు వరసగా బిగించాడు. ఒకే పక్క కీలు పెట్టడం ఆయన కనిపెట్టినది కాదు, పంతొమ్మిదో శతాబ్దంలో వియన్నాలో స్టౌఫర్ చేసిన గిటార్లకే అలాంటి తల ఉంది. కానీ వాలు లేని తల మీద ఆ వరసను పెట్టేసరికి కొత్త చిక్కొకటి వచ్చింది. దూరంగా ఉన్న కీలకు వెళ్ళే తీగలు నట్ మీద దాదాపు వంగకుండానే పోతున్నాయి. దానికి మందుగా వేసిందే ఆ గుండ్రటి బిళ్ళ. చెక్కలో మిగిల్చిన డబ్బుకు మరతో కట్టిన సుంకమన్నమాట.

ఆ తలను ఐదు కీలకు సాగదీస్తే ఏమవుతుందో ఒక ఉజ్జాయింపు లెక్క వేద్దాం. నట్ గాడిలో తీగ ఉన్న ఎత్తు నుంచి పోస్టు దగ్గర అది చుట్టుకునే చోటికి 9 మిల్లీమీటర్ల పల్లం ఉందనుకోండి. మొదటి కీ నట్ నుంచి 50 మిల్లీమీటర్ల దూరంలో, తర్వాతివి నలభై నలభై ఎడంతో ఉన్నాయనుకోండి. మొదటి కీకి వెళ్ళే తీగ 10 డిగ్రీలు వంగుతుంది. రెండోది 6 కంటే తక్కువ. మూడోది 4, నాలుగోది 3, ఐదోది రెండున్నర. ఇప్పుడు ఎవరు ఎక్కడున్నారో చూడాలి. కుడిచేతి వాటం బేస్‌లో కీలు పై వైపున ఉంటాయి, అన్నిటికంటే లావైన తీగ అన్నిటికంటే దగ్గరి కీకి చేరుతుంది. అంటే పది డిగ్రీల భాగ్యం బి తీగది. అందరూ బెంగపెట్టుకునే ఆ తీగే తల మీద అందరికంటే హాయిగా కూర్చుంది. రెండున్నర డిగ్రీల దారిద్ర్యం అన్నిటికంటే సన్నని జి తీగది. బి నట్‌ను 2.8 కిలోల బలంతో నొక్కుతుంటే, దానికంటే ఎక్కువ బిగువున్న జి ఒక కిలో కూడా నొక్కదు. నట్‌కు 40 మిల్లీమీటర్ల దూరంలో జి తీగను 6 మిల్లీమీటర్లు కిందికి తొక్కిపట్టేలా రిటైనర్ పెడితే వంపు ఎనిమిదిన్నర డిగ్రీలకు చేరుతుంది, నొక్కుడు బి తీగతో సమానమవుతుంది. బిళ్ళ చేసే ఉద్యోగం ఇదే.

ఐదో తీగ మొదట వచ్చింది కూడా బి రూపంలో కాదు. 1965లో ఫెండర్ తెచ్చిన బేస్ ఫైవ్‌లో అదనపు తీగ పైన చేరింది, జి కంటే సన్నని సి. పై స్వరాలు ఆ తీగ మీదే దొరుకుతాయి కాబట్టి ఫ్రెట్లు 15తో సరిపెట్టారు. కొన్నేళ్ళకే దాన్ని ఆపేశారు. కిందికి దిగాలన్న ఆలోచన 1975, 76లలో పండింది. బేస్ వాదకుడు ఆంథొనీ జాక్సన్ కోరికపై గిటార్లు చేసే కార్ల్ థాంప్సన్ 1975లో బి నుంచి సి దాకా ఆరు తీగల బేస్ చేశాడు. మరుసటేడు ఇంకో బేస్ వాదకుడు జిమ్మీ జాన్సన్ కోసం అలెంబిక్ సంస్థ కింది బి తో ఐదు తీగల బేస్ చేసింది. అంత లావు తీగ అప్పుడు బజార్లో దొరికేది కాదు, పని గట్టుకుని చేయించుకోవాల్సిందే. తర్వాత పదేళ్ళలో సింథసైజర్లు, ముఖ్యంగా 1983 నాటి యమహా డీఎక్స్7, ఇ తీగ కిందికి తేలిగ్గా దిగిపోతుంటే బేస్ వాయించేవాళ్ళకు ఉపాధి భయం పట్టుకుంది. 41 హెర్ట్జ్ దగ్గర ఆగిన వాయిద్యం 31 హెర్ట్జ్ దాకా దిగాల్సి వచ్చింది. ఐదు తీగలు మామూలయ్యాయి. నాలుగు కీలకు అమర్చిన తల మీద ఐదోది ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న అప్పుడు నిజంగా లేచింది.

దానికి మూడు దారులు కనబడ్డాయి. ఒకటి ఐదూ ఒకే వరస. చూపుకు ఫెండర్ వంశం, తీగలు నేరుగా పోతాయి కాబట్టి గాడిలో పక్క ఒరుపు తక్కువ. కానీ తల చాంతాడంత. రెండోది పైన నాలుగు, కింద ఒకటి. ఎర్నీ బాల్ చేతికి వచ్చాక మ్యూజిక్ మ్యాన్ సంస్థ 1987లో తెచ్చిన స్టింగ్‌రే ఫైవ్‌తో ఈ రూపం జనానికి తెలిసింది. 1976 నాటి నాలుగు తీగల స్టింగ్‌రేకు అప్పటికే పైన మూడు, కింద ఒకటి ఉంది, దాన్నే ఒక కీ పొడిగించారు. నా దృష్టిలో చదును తల మీద దీన్ని మించిన తెలివైన పని జరగలేదు. ఐదో కీ స్థానంలో ఇరుక్కున్న జి తీగను తెచ్చి కింద వైపు నట్‌కు దగ్గర్లో కూర్చోబెట్టారు. అందరికంటే పేద తీగ ఒక్క ఎత్తుతో గట్టెక్కింది. తల పొట్టయింది, బరువు తగ్గింది. రిటైనర్ అవసరం మాత్రం చావలేదు, ఎ, డి తీగల మీదికి జరిగింది. ఫెండర్ వారే తమ ఐదు తీగల నమూనాల్లో కొన్నిటికి ఒకే వరస, కొన్నిటికి ఈ నాలుగూ ఒకటి పద్ధతి వాడారంటే వాళ్ళ ఇంట్లో కూడా పంచాయితీ తెగలేదని అర్థం.

మూడోది పైన మూడు, కింద రెండు. ఐబనేజ్ ఎస్‌ఆర్ వరస ఐదు తీగల బేస్‌లు, వార్విక్, స్పెక్టర్ ఇలా ఉంటాయి. అన్ని తీగలకూ దూరం తగ్గుతుంది, తల చిన్నదవుతుంది. తీగలు నట్ దాటగానే రెండు పాయలుగా విడిపోవడం దీనికున్న లోపం. ఆ పక్కవాటు వంపు గాడి గోడకు ఒరుపు తెస్తుంది. తల ఎంత వెడల్పయితే ఒరుపు అంత.

ఇక తల పొడవుకూ బి బిగువుకూ ముడిపెట్టే నమ్మకం సంగతి. ఇది ఎంత పాతుకుపోయిందంటే, బి తీగకు పొడవు కలిసిరావాలని తలను తిరగేసి, బి ని అన్నిటికంటే దూరపు కీకి పంపి, అందుకోసం ఎక్కువ డబ్బు తీసుకున్న బేస్‌లున్నాయి. భౌతికశాస్త్రంలో దీనికి చోటు లేదు. తీగ బిగువును తేల్చేవి మూడే: నట్ నుంచి సాడిల్ దాకా మోగే పొడవు, తీగ బరువు, మీరు పెట్టిన శృతి. ఈ మూడూ మారనంతవరకూ నట్ అవతల తీగ జానెడున్నా మూరెడున్నా బిగువు ఒకటే. 34 అంగుళాల మోగే పొడవు (స్కేలు) మీద 130 గేజి తీగను బి శృతికి తెస్తే బిగువు 16 కిలోలకు కాస్త అటూ ఇటూ. నాలుగు కీల అవతల కట్టినా అంతే.

మరి వేలికి తేడా తెలుస్తోందని ఒట్టేసి చెప్పేవాళ్ళ మాటేమిటి? వాళ్ళు అబద్ధమాడుతున్నారనను. తీగను వేలితో నొక్కినప్పుడు, పక్కకు లాగినప్పుడు అది కాస్త సాగుతుంది. నట్ గాడి నున్నగా ఉంటే సాగడంలో అవతలి తోక కూడా పాలుపంచుకుంటుంది. 864 మిల్లీమీటర్ల మోగే పొడవుకు 160 మిల్లీమీటర్ల తోక అదనంగా కలిస్తే సాగే తీగ పద్దెనిమిది శాతం పెరిగినట్టే. ఎక్కువ తీగ సాగుతుంది కాబట్టి వేలికి మెత్తగా తగులుతుంది. అంటే పొడుగు తోక ఏదైనా చేస్తే తీగను మెత్తబరుస్తుంది తప్ప బిగించదు. దుకాణదారు చెప్పినదానికి సరిగ్గా తిరగబడ్డ సంగతి! గాడి తీగను పట్టేసి ఉంటే ఆ తేడా కూడా దక్కదు.

తల వైపు పొడవు నిజంగా లెక్కలోకి వచ్చే చోటు ఒకటుంది. అది సింఫనీ ఆర్కెస్ట్రా డబుల్ బేస్. కొందరు వాదకులు ఇ తీగను తల పైకి సాగదీసి, అక్కడ అదనపు పలక బిగించి కింది సి దాకా దిగుతారు. అక్కడ నట్ కూడా పలక చివరికి వెళుతుంది, మోగే పొడవే పెరుగుతుంది. నట్‌ను కదపకుండా తోకను మాత్రం పెంచుకునే ఎలక్ట్రిక్ బేస్ సోదరులకు ఆ పలకను ఒకసారి చూపించాలనిపిస్తుంది.

బి తీగకు అసలు మందు అందుకే తల దగ్గర దొరకదు. ఒక మందు స్కేలు. మోడ్యులస్ లాంటి సంస్థలు 34 అంగుళాలను 35కు పెంచాయి. బిగువు పొడవు వర్గంతో పెరుగుతుంది కాబట్టి ఆ ఒక్క అంగుళానికి ఆరు శాతం కలిసొస్తుంది. కెనడాలో షెల్డన్ డింగ్‌వాల్ ఇంకా ముందుకెళ్ళి, రాల్ఫ్ నోవాక్ పేటెంటు పొందిన విసనకర్ర ఫ్రెట్లను బేస్‌కు తెచ్చాడు. బి తీగ 37 అంగుళాలు, జి 34. బి మీద పద్దెనిమిది శాతం అదనపు బిగువు, జి మీద ఏ మార్పూ లేదు. నా చెవికి ఐదు తీగల సమస్యకు ఇంతకంటే నిజాయితీ గల జవాబు తగల్లేదు, వేళ్ళు అలవాటు పడటానికి వారం పట్టినా సరే.

రెండో మందు తీగ కట్టుబడి. లావు తీగకు కర్ర గుణం వస్తుంది. వంగమంటే వంగదు, పై అనుస్వరాలు ఉండాల్సిన చోటు కంటే కాస్త పైకి జరుగుతాయి, శృతి మసకబారుతుంది. అందుకే సాడిల్ మీద కూర్చునే భాగంలో పై చుట్లు తగ్గించి సన్నగా చేసిన బి తీగలు వచ్చాయి. మూడో మందు పైసా ఖర్చులేనిది. కొత్త బి తీగ నట్ మీదా సాడిల్ మీదా మడత పడకుండా విల్లులా వంగి నిలబడుతుంది. ఆ రెండుచోట్లా, మోగే వైపున, బొటనవేలితో తీగను గట్టిగా నొక్కితే వంపు పదునెక్కి, మోగే పొడవు ఎక్కడ మొదలవుతుందో ఖాయమవుతుంది. బి పాడవుతోందని బేస్ అమ్మేయబోయినవాళ్ళను ఈ ఒక్క నొక్కుతో ఆపిన సందర్భాలు నాకున్నాయి.

రిటైనర్ విషయంలో నాకు పాఠం చెప్పింది ఒక చవకరకం బేస్. కీలన్నీ ఒకే వరస, జి, డి తీగల మీద ఒక బిళ్ళ. తయారీదారు అక్కడితో లెక్క ముగించాడు. ఓపెన్ ఎ మీటినప్పుడల్లా సితారు మోగినట్టు చిన్న జుం. మొదటి ఫ్రెట్ మీద వేలు పెట్టగానే మాయం. ఫ్రెట్ల మీద అనుమానపడ్డాను, పికప్ మీద పడ్డాను, చివరికి ఆంప్ మీద కూడా పడ్డాను. రోగం నట్ దగ్గర కూర్చుని నన్ను చూసి నవ్వుతోంది. బిళ్ళ కిందికి రాని ఎ తీగ నాలుగు డిగ్రీలతో అర్ధాకలిగా బతుకుతోంది. నాలుగు తీగల ఫెండర్ బేస్‌లలో కూడా ఎ తీగకు ఈ పేరుంది. ఐదు తీగల ఒకే వరసలో అది ఒక కీ ఇంకా దూరం జరిగింది, అందుకే జబ్బు ముదిరింది.

దీనికి మూడు చికిత్సలున్నాయి. తీగను పోస్టు మీద రెండు మూడు చుట్లు కిందికి దిగేలా చుట్టడం మొదటిది. రెండు మిల్లీమీటర్లు కిందికి దిగినా వంపు ఒక డిగ్రీ దాకా పెరుగుతుంది. తీగను మరీ పొట్టిగా కత్తిరించే తొందరపాటు మనుషులకు ఈ అవకాశం ఉండదు. రెండోది మూడు తీగలనూ కలిపి పట్టే పొడుగు రిటైనర్. గుండ్రటి బిళ్ళ స్థానంలో హిప్‌షాట్ లాంటి వాళ్ళు చేసే ఈ పట్టీ ఎ తీగ దాకా చేయి చాస్తుంది. నట్ వెంబడి అన్ని తీగల మీదా అడ్డంగా ఒక కడ్డీ పరిచే పద్ధతీ ఉంది గానీ అది నాకు నచ్చదు. బి తీగకు అవసరం లేని వంపును బలవంతాన అంటగట్టినట్టవుతుంది, అసలే వంగని తీగను నట్ వెనక మెడ విరిచి కూర్చోబెడుతుంది. ఎక్కువ వంపు ఎక్కువ మేలని ఎవరైనా అంటే నమ్మకండి. ఒరుపు వంపుతో పాటే పెరుగుతుంది. కీ తిప్పుతుంటే శృతి కదలదు, ఉన్నట్టుండి టింగుమని ఒక్క గెంతు గెంతుతుంది. అలా గెంతితే గాడిలోనో బిళ్ళ కిందనో తీగ పట్టేసిందని గుర్తు. పెన్సిలు ముల్లు పొడి కాస్త రాస్తే చాలావరకు లొంగుతుంది.

మూడో చికిత్స గాడి. నట్ గాడి తల వైపుకు కొద్దిగా వాలి ఉండాలి, తీగ ఆనే ఆఖరి బిందువు వేళ్ళపలక వైపు అంచు కావాలి. గాడి చదునుగానో, ఎదురు వాలుగానో ఉంటే ఎంత మంచి రిటైనర్ పెట్టినా తీగ వెనక అంచు మీద నిలబడి జుమ్మంటుంది. ఐదు తీగల బేస్‌లలో బి గాడి వెడల్పు చాలక తీగ పైనే వేలాడటం కూడా చూస్తుంటాం. 130 గేజి అంటే 3.3 మిల్లీమీటర్ల లావు. నాలుగు తీగల నట్‌లు కోయడానికి అలవాటు పడిన ఆకురాయి అక్కడ సరిపోదు. రిటైనర్ కొనకముందే గాడి చూడమని నేను చెప్పేది ఇందుకే. బిళ్ళ మీద నిందలన్నీ వేసి పీకేసేవాళ్ళున్నారు, పీకి చూస్తే దోషం గాడిది.

కొత్తగా బిళ్ళ బిగించేటప్పుడు ముందు సన్నటి బెజ్జం వేయకపోతే మేపుల్ చెక్క మరను సగంలో విరిచేస్తుంది. ఒక్కో తీగ ఆ బిళ్ళను రెండున్నర కిలోలకు పైగా పైకి తంతుంటుంది. రెండు తీగలకు ఐదు కిలోలకు పైగా బరువును ఆ చిన్న మర మోయాలి.

తలను వాల్చిన బేస్‌లకు ఈ బాధలేవీ లేవు. తీగలన్నిటికీ ఇంచుమించు ఒకే వంపు, బిళ్ళ లేదు, లెక్క లేదు. వార్విక్ వారు నట్‌లో తీగ తీగకూ విడిగా ఎత్తు సర్దుకునే ఏర్పాటు కూడా పెట్టారు. ఖర్చు చెక్క దగ్గర తగులుతుంది. 200 మిల్లీమీటర్ల తల 14 డిగ్రీలు వాలితే దాని కొన 48 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. ఒకే ముక్కలో కోయాలంటే దుంగ మందం రెండింతలు మూడింతలు కావాలి, చాలా భాగం రంపప్పొట్టు అవుతుంది. పైగా వాలిన చోట చెక్క నారలు అడ్డంగా తెగుతాయి. నిలబెట్టిన గిటారు వెల్లకిలా పడితే విరిగేది అక్కడే. ఈ విషయంలో గిబ్సన్ తలలకు ఉన్న పేరు మరమ్మతు చేసేవాళ్ళందరికీ తెలుసు. తలను విడిగా కోసి, ఏటవాలుగా చెక్కి నెక్‌కు జిగురుతో అతికించే పద్ధతి ఈ రెంటికీ విరుగుడు. నార తెగదు, చెక్క మిగులుతుంది. బొబ్బిలిలో పనసదుంగ నుంచి ఏకాండి వీణను తొలుస్తూ పెరిగిన కళ్ళకు అతుకు అంటే చిన్నచూపు ఉండటం సహజం. బేస్ నెక్ విషయంలో మాత్రం ఆ చిన్నచూపు పొరపాటు. మంచి అతుకు పక్కనున్న చెక్క కంటే గట్టిగా ఉంటుంది.

వాలు, వరస తేలాక బరువు మిగులుతుంది. బేస్ కీలు పెద్దవి, ఐదు కీలు ఇంకా బరువు. అవన్నీ నట్ అవతల జానెడు దూరం దాకా వేలాడితే భుజానికి తగిలించిన గిటారు తల నేల చూస్తుంది, ఎడమ చెయ్యి వాయించడం మానేసి మోయడం మొదలుపెడుతుంది. తేలికపాటి కీలు వచ్చింది అందుకే. బరువుకు ఇంకో ముఖం కూడా ఉంది. చాలా బేస్‌లలో జి తీగ మీద ఐదో ఫ్రెట్ నుంచి ఏడో ఫ్రెట్ మధ్య ఎక్కడో ఒక స్వరం పుట్టగానే చచ్చిపోతుంది. మ్యూనిక్‌లో హెల్ముట్ ఫ్లైషర్ అనే పరిశోధకుడు ఇలాంటి మూగ స్వరాలను కొలిచి, నెక్ తన సొంత పౌనఃపున్యంలో ఊగుతూ తీగ శక్తిని తాగేయడమే కారణమని చూపించాడు. తల బరువు మారితే నెక్ ఊగే పౌనఃపున్యం మారుతుంది, మూగబోయే స్వరం కూడా పక్కకు జరుగుతుంది. తల కొసన చిన్న ఇత్తడి బిగింపు తగిలించి దాన్ని వాడని స్వరం మీదికి నెట్టేవాళ్ళున్నారు. అంటే ఐదు కీలను ఎలా పేర్చామన్నది మూగబోయే స్వరం ఏదవుతుందో కూడా నిర్ణయిస్తుంది. తల రూపం నాదాన్ని మారుస్తుందనే వాళ్ళ మాటలో నిజం ఉన్న చోటు ఇది. బిగువు గురించిన వాదన కంటే ఇది ఎంతో బలమైనది, దీన్ని పట్టుకున్న వాళ్ళు మాత్రం తక్కువ.

తీగలు కొనేటప్పుడు తల ఇంకో రకంగా జేబు తడుముతుంది. ఐదూ ఒకే వరసలో ఉన్న 35 అంగుళాల బేస్‌కు, అందులోనూ శరీరం వెనక నుంచి తీగ ఎక్కించేదైతే, మామూలు లాంగ్ స్కేల్ సెట్‌లో జి ఆఖరి కీ దాకా చాలకపోవచ్చు. లావు తీగలకైతే తల వైపు కొసన చుట్టిన పట్టుదారం ఎక్కడ మొదలవుతుందో చూసుకోవాలి. అది నట్ మీదికి ఎక్కితే బి గొంతు పూడుతుంది. తీగ కత్తిరించే ముందు పోస్టు దగ్గర ఒక మడత వేయడం మరవకూడదు, లేకపోతే పై చుట్లు వదులై తీగ మొత్తం మొద్దుబారుతుంది.

ఈ తలనొప్పులన్నిటికీ తలే తీసేయడం మందన్నవాడు నెడ్ స్టైన్‌బర్గర్. 1980కి అటూ ఇటుగా వచ్చిన ఆయన ఎల్2 బేస్‌లో కీలు బ్రిడ్జి వైపుకు పోయాయి, నట్ దగ్గర తీగ కొసనుండే గుండు ఇరికించే గాడి మాత్రం మిగిలింది. వంపు లెక్క లేదు, బిళ్ళ లేదు, నేల చూసే తల లేదు. రెండు చివర్లా గుండ్లున్న ప్రత్యేక తీగలు దొరక్క జనం విసిగారు. ఇప్పుడు స్ట్రాండ్‌బర్గ్, 2020లో ఈహెచ్‌బీ వరసతో ఐబనేజ్ మామూలు తీగలనే మరతో పట్టే ఏర్పాటు చేయడంతో తల లేని ఐదు తీగల బేస్ మళ్ళీ వేదికల మీద కనబడుతోంది. నా దగ్గరా ఒకటి చేరింది. వాయించడంలో వంక పెట్టడానికి లేదు. గోడకున్న కొక్కేనికి మాత్రం దాన్ని తగిలించలేను, శృతి చూసే క్లిప్ ట్యూనర్ పెట్టడానికి దాని మీద చోటూ లేదు. ఆ క్లిప్ ఇప్పుడు పాత బేస్ తల మీదే, బిళ్ళ పక్కన, ఉంటోంది.